కుట్టుకూలి

మా బావ జ్ఞానదాసు విశాఖపట్నం పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే పక్కన అట్ట పట్టుకుని నిలబడి, ఎన్ని దిగాయో గీతలు గీసుకోవడం ఆయన ఉద్యోగం. మోసేవాళ్ళు వేరే ఉండేవారు. అలా ఇరవై ఆరేళ్ళు ఇతరులు మోసినవి లెక్కపెట్టి జీతం తీసుకుని, మొన్ననే రిటైరయ్యాడు. దండలు వేశారు. పొదుపుకి మారుపేరు జ్ఞానదాసు గారు అని ఎవరో మాట్లాడారు కూడా. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. ఆయన ఇంట్లో కూడా అదే ఉద్యోగం చేశాడు, మోసింది మా అక్క, లెక్కపెట్టింది ఆయన. ఆయన మీద నాకు గౌరవం లేదని ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను అనుకోవద్దు.

అక్క ఫ్లోరెన్స్ నాకు తొమ్మిదేళ్ళు పెద్ద. మా నాన్న ఎలమంచిలిలో చర్చి ఉపదేశి. చర్చి వాళ్ళిచ్చిన ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఆయన పోయిన నెలకి కొత్త ఉపదేశి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చేయమన్నారు. సామానంతా తెచ్చి రోడ్డు పక్కన పెట్టుకుని అమ్మ, అక్క, నేను ఒక పూటంతా కూర్చున్నాం. నాకప్పుడు ఏడేళ్ళు. నన్ను కుట్టుమిషను పెట్టె మీద కూర్చోబెట్టారు, ఎవరైనా ఎత్తుకుపోతే మాకింక బతుకు లేదని. ఆ చేతిమిషనే తర్వాత అమ్మని బతికించింది. అక్క పెళ్ళయ్యాక ఆ మిషను ఆమెతో పాటు విశాఖలో బావ ఉండే జ్ఞానాపురం వచ్చింది. అమ్మ పోయాక నేనూ అక్కడికే వచ్చాను. నా టీచరు ట్రైనింగు ఆ మిషను మీదే గడిచింది. అది వేరే సంగతి.

ఎలమంచిలి రోడ్డు పక్కన ఆ పూట గడిపినప్పటినుంచీ అక్కకి ఒకే కోరిక. తన పేరున కాస్త నేల. ఇల్లు లేకపోయినా సరే, పాక వేసుకున్నా సరే. లేచి పొమ్మనే హక్కు ఎవరికీ ఉండకూడదు. చీరలు అడగలేదు, గొలుసు అడగలేదు, సినిమాకి తీసుకెళ్ళమని కూడా అడిగిన మనిషి కాదు. ఇది మాత్రం పెళ్ళయిన కొత్తలోనే బావకి చెప్పింది.

బావ సరేనన్నాడు. ఆయనకి సరేననడం ఖర్చు లేని పని.

అప్పటినుంచి మొదలైంది. చొక్కా కాలరు చిరిగితే అక్క దాన్ని విప్పి, తిరగేసి, మళ్ళీ కుట్టేది. ఆ చొక్కా ఇంకో రెండేళ్ళు ఆఫీసుకి వెళ్ళేది. దుప్పటి నడుమ పలచబడితే నిలువునా చింపి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకి తెచ్చి కలిపేది. మగపిల్లల లాగులకి అడుగున మూడు మడతలు లోపలికి పెట్టి కుట్టేది, ఏటా బడి తెరిచేటప్పుడు ఒక మడత విప్పడానికి. విప్పిన చోట రంగు వెలవని పట్టీ ఒకటి మిగిలేది. ఆ పట్టీలు చూస్తే లాగు వయసు చెప్పెయ్యొచ్చు. విరిగిన గొడుగు గుడ్డ చేతిసంచి అయ్యేది. చేతిసంచి చిరిగితే దాని బాగున్న ముక్క ఇంకో సంచికి అడుగయ్యేది. చీర పాతబడితే బొంతలోకి వెళ్ళేది. బొంత కూడా పాతబడితే మసిగుడ్డ అయ్యేది. ఆ ఇంట్లోంచి గుడ్డముక్క బయటికి పోవడం నేను చూడలేదు.

చర్చిలో పంచిన గోధుమపిండి సంచులు ఉతికి లోపావడాలు కుట్టేది. ఎంత ఉతికినా వాటి మీది నీలం అక్షరాలు పూర్తిగా పోయేవి కావు. నేను ట్రైనింగు కాలేజీకి కట్టుకెళ్ళిన పావడాల మీద, ఇది అమెరికా ప్రజల కానుక, అమ్మరాదు అని ఇంగ్లీషులో ఉండేది. వెనక నడిచేవాళ్ళు చదువుతారేమోనని రెండేళ్ళు మందపాటి చీరలే కట్టాను.

ఇదంతా చేసింది అక్క. పొద్దున్న వంట, తర్వాత బట్టలు ఉతకడం, మధ్యాహ్నం నుంచి మిషను. కుడిచేత్తో చక్రం తిప్పి తిప్పి ఆమె కుడిభుజం ఎడమదాని కంటే కిందికి జారింది. ఇరుగుపొరుగువాళ్ళ జాకెట్లు కుట్టి తెచ్చిన డబ్బులు కూడా బావ చేతిలోనే పెట్టేది. దీనికంతటికీ పొదుపు అని పేరు పెట్టి, ఆ పేరు తన మెడలో వేసుకుని ఊరేగింది మాత్రం బావ. "మా ఇంటికి దర్జీ అంటే ఏటో తెలీదు బావా" అని పోర్టులో కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆయన సొంతంగా చేసిన పొదుపులు లేవని కాదు. మా క్రైస్తవుల ఇళ్ళలో రోజూ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్తాయి. అక్క చేత్తో తీస్తే వారానికి సేరు దగ్గరగా అయ్యేవి. ఒక శనివారం బావ అవి కొలిచాడు. మర్నాటినుంచి పిడికెడు తీసే పని నాలుగేళ్ళ ఎస్తేరుకి అప్పగించాడు. ఎస్తేరు ఆయన ఆఖరి కూతురు. దాని గుప్పిట్లో ఉసిరికాయ కూడా పట్టదు. "పసిపిల్లల కానుకంటే ప్రభువుకి మహా ఇష్టం" అని మాకు వాక్యం చెప్పాడు. ఆ పిల్ల పెద్దదై చెయ్యి కాస్త పెరిగాక, వేళ్ళు బాగా బిగించి తియ్యమ్మా, చిందకూడదు అని నేర్పాడు. దేవుడి దగ్గర కూడా గిద్దెడు మిగుల్చుకున్న మనిషిని ఈయన్నొక్కణ్ణే చూశాను.

చేపల దగ్గర ఇంకా అన్యాయం. జాలరిపేటనించి పైడితల్లి అనే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. బావ ఆదివారం కూడా పదకొండు దాటేదాకా ఆమెని పిలవనిచ్చేవాడు కాదు, ఎండెక్కితే ధర దిగుతుందని. ఒకరోజు ఆమె గంప దింపకుండానే అడిగేసింది. "తలకాయలు పులుసుకని ఊరికే అడుగుతావు, తోకలు పిల్లికని ఊరికే అడుగుతావు. మీ ఇంట్లో పిల్లేది బాబూ? ఇన్నేళ్ళై వత్తన్నాను, నాకొక్కపాలీ కనబడనేదు."

నేను నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తాను. బావ మాత్రం తలకాయలు తీసుకునే కదిలాడు.

ఆయనకి ఒక పుస్తకం ఉండేది. అక్క ఏది కుట్టినా అందులో రాసేవాడు. దర్జీకిస్తే ఎంతయ్యేది, ఇంట్లో ఎంతయింది, ఎంత మిగిలింది. పోర్టు వాళ్ళు ఏటా రెండు జతల యూనిఫారం గుడ్డ, దానికి కుట్టుకూలి ఇచ్చేవారు. గుడ్డ అక్క ముందుకి వచ్చేది, కుట్టుకూలి బావ జేబులోనే ఆగిపోయేది. అక్క ఆ గుడ్డని నేలమీద పరిచి, ఇటు తిప్పీ అటు తిప్పీ కత్తిరించి, రెండు జతలతో పాటు చిన్నాడికి ఒక లాగు కూడా తీసేది. ఆ లాగు కూడా పుస్తకంలోకి ఎక్కేది.

అక్క నడుము పట్టుకుని లేచినప్పుడల్లా బావ ఆ పుస్తకం తెరిచి చూపించేవాడు. "ఏటే, నొప్పా? కాసింత ఓర్సుకో. ఈ మిగులంతా ఎవులికి? స్థలం నీ పేరునే రాయిత్తాను." ఈ మాట నా చెవులతో నేను ఎన్నిసార్లు విన్నానో. అక్క వెంటనే మళ్ళీ మిషను ముందు కూర్చునేది. మాటతో మనిషి చేత పని చేయించుకోవడం ఎంత చవకో ఆ ఇంట్లోనే చూశాను.

డెబ్భై తొమ్మిదిలో గుడిలో పురుషుల సహవాసం వాళ్ళు పొదుపు గురించి ప్రసంగించమని ఆయన్ని పిలిచారు. ముప్పావుగంట మాట్లాడాడు. కాలరు తిప్పడం గురించీ దుప్పటి కలపడం గురించీ తనే కూర్చుని కుట్టినట్టు చెప్పాడు. అక్క పేరు ఒక్కసారి వచ్చింది, అది కూడా మంచినీళ్ళు అడగడానికి.

స్టీలు ప్లాంటు పనులు మొదలవుతాయని దువ్వాడ వైపు జనం స్థలాలు కొంటున్న రోజులవి. ఎనభై ఒకటి మే నెలలో బావ కూడా కొన్నాడు, దువ్వాడ స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, రెండు వందల గజాలు. రిజిస్ట్రారు ఆఫీసుకి ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఇద్దరు వెళ్తే బస్సు ఛార్జీలు రెట్టింపు కదా. సాయంత్రం వచ్చి, "అయిపోయినాది ఫ్లోరెన్సూ, మన స్థలం" అన్నాడు. అక్క ఆ కాగితాలు రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుని, విప్పకుండానే బైబిలు కింద పెట్టింది. పదిహేనేళ్ళకి పైగా అంటూ వచ్చిన మాట మీద నమ్మకం కదా, విప్పి చూడాలని తోచలేదు. నాకూ తోచలేదు.

ఇల్లో స్థలమో కొంటే మావాళ్ళు కృతజ్ఞత కూడిక పెడతారు. దస్తావేజు పళ్ళెంలో పెట్టి పాస్టరు గారి చేతికిస్తారు, ఆయన దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. వచ్చినవాళ్ళకి టీ, ఫలహారం ఇవ్వాలి. బావ ఇక్కడ కూడా ఒక ఎత్తు వేశాడు. ఆ గురువారం ఇంటింటికీ తిరిగే ప్రార్థన కూటం వంతు ఎలాగూ అక్కా వాళ్ళ ఇంట్లోనే ఉంది. దానికి ఎలాగూ టీ ఇవ్వాలి. రెండూ కలిపేస్తే ఒక టీ మిగులుతుంది. అలా కలిపేశాడు. విడిగా పెట్టుకుని ఉంటే పదిమంది వచ్చేవారు. కలిపినందుకు వాడ వాడంతా వచ్చింది, నలభై మంది.

మా పాస్టరు సత్యం గారికి ఒక అలవాటు. దస్తావేజు మీద ఊరికే చెయ్యి పెట్టరు. దేవుడిచ్చిన నేలకి హద్దులు అందరూ వినాలని, కాగితం విప్పి పెద్దగా చదువుతారు. ఇది మా వాడలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బావకీ తెలుసు. కానీ ఆయన బుర్రంతా దేవుడు తనకి చేసిన మేలు గురించి లేచి చెప్పబోయే సాక్ష్యం మీద ఉంది, ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అని.

పాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. తూర్పున రోడ్డు, పడమట ఎవరిదో జీడితోట, ఉత్తరాన ఖాళీ స్థలం, దక్షిణాన కాలవగట్టు. ఈ నాలుగు హద్దుల మధ్య గల స్థలం, విశాఖపట్నం వాస్తవ్యులు రాజారత్నం గారి కుమారుడు జ్ఞానదాసు గారు తన సొంత డబ్బుతో కొని, సర్వహక్కులతో అనుభవించగలందులకు. చదివి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నీ దాసుడైన జ్ఞానదాసుకి నీవిచ్చిన ఈ నేలని..."

నలభై మంది తలలు వంచి ఉన్నారు. వంచకుండా ఉన్నది మేమిద్దరమే, నేనూ, టీ గ్లాసుల పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడ్డ అక్కా. అంతకు ముందు చదువుతుండగా, తన సొంత డబ్బుతో అన్న మాట దగ్గర గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. అంతే. ప్రార్థన అయ్యాక అందరికీ టీ ఇచ్చింది, బావకి కూడా. బావ లేచి తన పొదుపు గురించి ఇరవై నిమిషాలు సాక్ష్యం చెప్పాడు. ఆ గ్లాసు తీసి ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది నాకు.

అందరూ వెళ్ళాక అక్క అడిగింది. "నా పేరున అన్నారు గదండీ?"

"ఏటే, నాదీ నీదీ అని ఉంటాదేటి?" అన్నాడు బావ. "రేపు ఇల్లు కట్టుకోడానికి ఆఫీసులో లోను పెట్టాలంటే నా పేరున ఉండాల. నీకు తెలీదు ఈ యవ్వారాలు."

అక్క వంటింట్లోకి వచ్చి గ్లాసులు కడుగుతూ నాతో అంది. "ఎలమంచిలిలో రోడ్డు మీద నువ్వు మిషను పెట్టె మీద కూకున్నావు. గుర్తుందా లీలా? నాను ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నాను."

నేను అప్పటికి పక్క వీధిలో గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కోపంతో.

జూన్లో యూనిఫారం గుడ్డ వచ్చింది. బావ ఎప్పటిలాగే తెచ్చి మిషను పక్కన పెట్టాడు. అక్క దాన్ని అలాగే తీసి ఆయన చేతిలో పెట్టింది. "నాను కుట్టను. కుట్టుకూలి ఇచ్చినారు గదా, దర్జీకి ఇచ్చుకోండి."

"ఏటంతన్నావు?"

"కుట్టనంతన్నాను."

మిషనుకి చెక్కమూత ఉంది, దానికి తాళం ఉంది. అక్క మూత పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. వంట మానలేదు, బట్టలు ఉతకడం మానలేదు, మొగుడితో మాట్లాడడం కూడా మానలేదు. సూది మాత్రం ముట్టలేదు. బావ రెండు రోజుల్లో దిగొస్తుందని అనుకున్నాడు. నేనైతే రోజూ బడి వదిలాక తమాషా చూడ్డానికి వెళ్ళేదాన్ని. ఆ ఆరు నెలలూ నేను కూడా కుట్టుపని ఏదీ అక్కకి ఇవ్వలేదు. ఆమెకి నా మద్దతు అది అని అనుకున్నాను. ఏప్రిల్లోనే ఆరు జాకెట్లు కుట్టించుకుని ఉన్నాననుకోండి.

బావ గుడ్డ తీసుకుని వీర్రాజు కొట్టుకి వెళ్ళక తప్పలేదు. వీర్రాజు మా వీధి చివర దర్జీ. "ఇన్నాళ్ళకి నా కొట్టు కనపడ్డాదేటి బాబూ?" అన్నాడు. గుడ్డ కొలిచి, రెండు జతలకి బొటాబొటీ సరిపోతుందని చెప్పాడు. వారం తర్వాత బట్టలు తీసుకుంటూ బావ, "మరి చిన్నాడి లాగేది?" అని అడిగాడు. వీర్రాజు నోరు వెళ్ళబెట్టాడు. "ఏ లాగు బాబూ?" కనీసం ముక్కలైనా ఇమ్మంటే, కొట్టు ఊడ్చినప్పుడు పోయాయన్నాడు. పోర్టు ఇచ్చిన కుట్టుకూలి మీద ఇంకో ఏడు రూపాయలు ఎదురు పెట్టాల్సొచ్చింది. ఆ ఏడు రూపాయలకి బావ మొహం చూసితీరాలి. నేను చూశాను.

తర్వాత పిల్లల బడి బట్టలు. ఆ తర్వాత దుప్పట్లు. నడుమ చిరిగితే కొత్తది కొనడం తప్ప ఏం చేయాలో ఆయనకి తెలియదు. ముప్పావుగంట ప్రసంగించిన మనిషికి గుండీ కుట్టుకోవడం రాదు. సెప్టెంబరులో ఒక ఆదివారం మూడు పిన్నీసులతో గుడికి వచ్చాడు, కాలరు మెడ దగ్గర పోగులు పోగులుగా వేలాడుతూ. పురుషుల సహవాసంలో ఎవరో, "కాలరు తిప్పేత్తే రెండేళ్ళు వత్తాదని నువ్వే గదా బావా చెప్పినావు" అన్నారట. ఆ ఆదివారం నాకు వాక్యం ఒక్కటీ ఎక్కలేదు, నవ్వాపుకోవడంతోనే సరిపోయింది.

నవంబరులో మా గదికి వచ్చాడు, పుస్తకం చంకలో పెట్టుకుని.

"మీ అక్కకి నువ్వైనా సెప్పు లీలా. ఇల్లు గుల్లైపోతంది."

"అక్క పేరున రాయిస్తానన్నావు కదా బావా, రాయించలేదు కదా."

"అదే ఆలోసించినాను." పుస్తకం తెరిచాడు. "ఈ ఆరు నెల్లకీ దర్జీకీ దుప్పట్లకీ పోయింది నాలుగొందల పది. ఆవిడ బయట కుట్టి తెచ్చేది నిలిచిపోయింది రెండొందల ఎనభై. ఏడాదికి పదమూడొందల ఎనభై. పదేళ్ళకేసుకో. ఇప్పుడు దస్తావేజు దానంగా మార్పిత్తే స్టాంపులూ, రాతకూలీ, అంతా కలిపి ఆరొందల లోపే." వేలితో గీత కొట్టి చూపించాడు. "మార్పించడమే లాభం."

నేను ఆయన మొహంలోకి చూశాను. సిగ్గేమైనా ఉందా అని. ఏమీ లేదు. తప్పు చేశానని కాదు, భార్య రోడ్డు మీద ఉన్నట్టు బతుకుతోందని కాదు. లెక్కలో కలిసొచ్చింది కనక న్యాయం చేస్తున్నాడు. అసహ్యం అంటే ఏమిటో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది. అయినా ఫలితం అక్కకి కావలసిందే కనక నోరు మూసుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో దస్తావేజు మారింది. ఈసారి అక్క కూడా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది. కాగితం అక్కడే విప్పి, ఒక్కో అక్షరం చదివి, అప్పుడు మడిచింది. అంతటితో వదల్లేదు. మళ్ళీ కృతజ్ఞత కూడిక పెట్టాలంది. విడిగా, దానికి విడిగా టీ, ఫలహారం. బావ గిలగిల్లాడాడు కానీ పెట్టాడు. పాస్టరు గారు మళ్ళీ కళ్ళజోడు సవరించుకుని అవే హద్దులు చదివి, జ్ఞానదాసు గారి భార్య ఫ్లోరెన్స్ గారికి సర్వహక్కులతో అన్నారు. అక్క తల వంచుకుని వింది. కన్నీళ్ళు ఒళ్ళో పడుతుంటే తుడుచుకోలేదు. సాక్ష్యం చెప్పమంటే లేచి, "నాకు చోటు దొరికినాది" అని కూర్చుంది. నా జన్మలో నేను విన్న సాక్ష్యాల్లో అదే పొట్టిది.

మర్నాడు మిషను మూత తీసింది. నాకు చెప్పలేనంత సంతోషం. క్రిస్మసు ఇంకా పది రోజులుంది. అంతకు ముందే ఎర్ర జరీచుక్కల జాకెట్టు గుడ్డ ఒకటి తెచ్చి ఉంచుకున్నాను. బడి వదలగానే తీసుకెళ్ళి అక్క ఒళ్ళో వేశాను. "బావ గారికి బాగా బుద్ధి చెప్పావక్కా. ఇంక ఇది కుట్టెయ్. చేతులు కాస్త పొడుగ్గా పెట్టు."

అక్క గుడ్డ విప్పి చూసింది, అంచు తడిమింది. "బాగుంది" అంది. తర్వాత, "కూలి?" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నా దగ్గరేంటక్కా, కూలి?"

"పద్నాలుగేళ్ళై కుడతన్నాను నీకు. నువ్వు ట్రైనింగు సదివినన్నాళ్ళూ సరే, నా సెల్లివి, నానే సదివించాల. ఉద్యోగం వచ్చి పదకొండేళ్ళయింది."

నేను ఇస్తానని ఒకసారి అన్న మాట నిజం. మొదటి జీతం రోజున. వద్దులే అంది. రెండోసారి నేను అడగలేదు. అడగనవసరం లేదనుకున్నాను. అక్క కదా.

"మీ బావ అలాటోడని నువ్వు నా ముందర ఎన్ని మాట్లన్నావు. అన్నీ నిజమే. పిసినారోడే, మాట తప్పినోడే." అక్క గుడ్డని మోకాలి మీద మడత పెడుతూ, గొంతు పెంచకుండా అంది. "కానీ నాను కుట్టిన పెతీదీ దర్జీకిస్తే ఎంతో ఆయన పుస్తకంలో రాసినాడు. నువ్వు అది కూడా రాసుకోనేదు లీలా."

నేను సంచిలో చెయ్యి పెట్టి, ఎంత అన్నాను. వీర్రాజు ఎంత తీసుకుంటాడో అంతే అంది. మూడు రూపాయలిచ్చాను. వద్దనలేదు. లెక్క చూసుకుని మిషను సొరుగులో వేసుకుంది.

నా కొలతలు ఆమెకి కంఠతా వచ్చు. అయినా ఆ రోజు టేపు తీసింది, డబ్బిచ్చిన ఎవరికైనా తీసినట్టే. భుజాలు కొలవాలి, వెనక్కి తిరగమంది. తిరిగాను. నా మొహం ఆమెకి కనపడకపోవడమే ఆ పూట నాకు మేలైంది.